మోటారు సైకిలు పరీక్షకు సిద్ధపడదాం

(సమాఖ్య కార్యకర్తల విద్యా తరగతిలో రైల్వే, తపాలా శాఖల సోదర సోదరీమణుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో వేతన సవరణ గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీ గురించి ఇతర మిత్రులు వివరంగా మాట్లాడారు. మాకు కేటాయించిన గంటలో మోటారు సైకిలు లైసెన్సు పరీక్ష గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు అధ్యక్షవర్గంలో ఒకరిద్దరు నవ్వారు. "అది డ్రైవింగు స్కూలు వాళ్ల పని కదా, మన పనా?" అన్నారు. ఆ నవ్వును మేము తప్పుపట్టడం లేదు. కొన్నేళ్ల క్రితం ఎవరైనా ఈ మాట ఎత్తితే మేమూ నవ్వి ఉండేవాళ్లమే. ఇప్పుడు ఎందుకు నవ్వలేకపోతున్నామో మొదట మనవి చేస్తాము. పరీక్షకు ఎలా తయారు కావలెనో తరువాత చెబుతాము. చివరకు సంఘంగా మనం చేయవలసినదేమిటో మీ ముందు ఉంచుతాము.

సైకిలు నుంచి మోటారు సైకిలుకు

మన రెండు శాఖలూ సైకిలు మీద నడిచిన శాఖలు. ఉత్తరాల సంచీ హ్యాండిలుకు తగిలించుకుని ఊరూరా తిరిగిన పోస్టుమాన్‌నూ, పనిముట్లు క్యారియరుకు కట్టుకుని తన బీటుకు బయలుదేరిన కీమాన్‌నూ మీరందరూ ఎరుగుదురు. ప్రభుత్వ దస్త్రాలు మనలను ఆ రూపంలోనే చూస్తూ వచ్చినవి. ఏడవ వేతన సంఘం సైకిలు అలవెన్సును రద్దు చేయవలసిందని సిఫారసు చేసినప్పుడు, 2017లో కేంద్ర ప్రభుత్వం తపాలా శాఖలోని పోస్టుమాన్లకూ, రైల్వేలోని ట్రాక్‌మాన్లకూ మాత్రం దానిని నిలబెట్టి, నెలకు 90 రూపాయల నుంచి 180 రూపాయలకు పెంచింది. గ్రామీణ డాక్ సేవకుల నియామక ప్రకటనలు చూడండి. సైకిలు తొక్కడం తెలిసి ఉండవలెనన్న షరతు అందులో కనిపిస్తుంది. స్కూటరు గాని మోటారు సైకిలు గాని తెలిసి ఉంటే అది కూడా సైకిలు తెలిసినట్లే లెక్క. ఆ షరతు అడిగేది తెలిసి ఉండడం ఒక్కటే. రోడ్డు మీద చట్టం అడిగేది అంతకంటె ఎక్కువ.

వాస్తవ జీవితం దస్త్రాలను దాటి చాలా దూరం వచ్చింది. రాత్రి రెండు గంటలకు కాల్ అందుకున్న లోకో పైలట్ లాబీకి ఎలా చేరుతున్నాడు? సిగ్నలు చెడిపోయిందని కబురు వస్తే మెయింటెయినరు ఎలా పరుగెత్తుతున్నాడు? బ్రాంచి పోస్టుమాస్టరు సంచీ కోసం అకౌంట్సు ఆఫీసుకు ఎలా వెళ్లి వస్తున్నది? పెక్కు చోట్ల సొంత మోటారు సైకిలు మీదనే. బండి మనది, పెట్రోలు మనది, ప్రమాదం వస్తే అదీ మనదే.

ఆ ప్రమాదం ఏపాటిదో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ నివేదికే చెబుతున్నది. 2022వ సంవత్సరంలో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. అంటే ప్రతి వందమందిలో నలభై నలుగురికి పైగా. అదే సంవత్సరంలో హెల్మెటు లేకుండా మరణించినవారు 50,029 మంది. వీరిలో సింహభాగం మనబోటి పనిచేసి బతికే జనమేనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక సోదరుని సంగతి

ఆయన ట్రాక్ మెయింటెయినరు. పేరు చెప్పడం ఆ కుటుంబానికి ఇష్టం కాకపోవచ్చు, కనుక చెప్పడం లేదు. వయసు నలభై లోపు. సంఘం పనుల మీద మమ్మల్ని తన బండి వెనుక ఎక్కించుకుని గ్యాంగు గ్యాంగుకూ తిప్పినవాడు. ఆయనకు లైసెన్సు ఉన్నదా లేదా అని మేము ఒక్కనాడూ అడగలేదు.

ఒకనాడు ఆయనే మా దగ్గరకు వచ్చి, "అన్నా, బుధవారం టెస్టుకు స్లాటు దొరికింది. ఇన్‌ఛార్జితో చెప్పి ఒక్కరోజు సెలవు ఇప్పించు" అన్నాడు. ఆ వారంలోనే మన డివిజను మహాసభ. జెండాలు కట్టాలి, ప్రతినిధులకు బస చూడాలి. "మహాసభ కానియ్యి తమ్ముడూ, తరువాత చూద్దాం" అన్నాము. మహాసభ జయప్రదంగా ముగిసింది. ఆయన మళ్లీ అడగలేదు. మేము మళ్లీ గుర్తు చేయలేదు. ఆరు నెలల గడువు తీరి, ఆయన ఎల్‌ఎల్‌ఆర్ చెల్లకుండా పోయింది.

వానాకాలంలో ఒక రాత్రి పెట్రోలింగు ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి వెళుతూ, దీపం లేకుండా రోడ్డు మీద నిలిపిన ట్రాక్టరు ట్రాలీని ఢీకొన్నాడు. ఆసుపత్రికి చేరేలోగానే ప్రాణం పోయింది.

బండి ఆయన పేరు మీదనే ఉన్నది. పాలసీ సకాలంలో కట్టాడు. అందులో బండి యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది. ఆ బీమాకు ఒక షరతు ఉన్నది: బండి నడిపే యజమానికి అమలులో ఉన్న లైసెన్సు ఉండవలె. లేదు గనుక చెల్లించబోమని ఉత్తరం వచ్చింది.

కామ్రేడ్స్, చార్జిషీట్లకు జవాబులు రాసి, అప్పీళ్లు రాసి మా చేతులు అరిగినవి. ఎంతటి మొండి ఉత్తర్వులోనైనా పట్టుకోవడానికి ఏదో ఒక సందు దొరికేది. ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి కూర్చుంటే మాకు ఒక్క వాక్యం దొరకలేదు. కారుణ్య నియామకం కోసం తిరిగి సాధించాము. ఆ పదిహేను లక్షలు మాత్రం రాలేదు. ఆయన భార్య మమ్మల్ని నిందించలేదు. "ఆ బుధవారం వెళ్లి ఉంటే బాగుండేది కదా అన్నయ్యా" అన్నది, అంతే.

ఆ మాట విని ఇంటికి వచ్చిన రాత్రి మాకు తట్టిన సంగతి ఒకటున్నది. ఆయన వెనుక కూర్చుని తిరిగిన మాకు కూడా లైసెన్సు లేదు. ఒకరి వెనుక కూర్చునే కాలం గడిపాము. యాభై రెండవ ఏట మేము ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేశాము.

పట్టాల మీద ఒక నీతి, రోడ్డు మీద ఒక నీతా?

రైల్వే మిత్రులను ఒక ప్రశ్న అడుగుతాము. కొత్త సెక్షనులో బండి నడపవలసి వస్తే లోకో పైలట్ ఏమి చేస్తాడు? ముందుగా ఆ దారి నేర్చుకుంటాడు. సిగ్నళ్లు ఎక్కడ, ఎత్తుపల్లాలు ఎక్కడ, గేట్లు ఎక్కడ అని పగలూ రాత్రీ చూసి, దారి తెలిసిందని సంతకం పెట్టిన తరువాతనే బాధ్యత తీసుకుంటాడు. దారి నేర్పకుండా పంపితే సంఘం ఊరుకోదు. కాంపిటెన్సీ సర్టిఫికెట్ లేనివారిని గేటు మీద పెట్టినా, ప్యానెలు మీద పెట్టినా ఊరుకోదు. ఏ-1 కంటి పరీక్షలో తప్పినవానిని రైలు నడపమని ఏ అధికారీ ఆజ్ఞాపించలేడు.

ఇది భద్రత, మన హక్కు అని అక్కడ వాదించే మనమే, డ్యూటీ దిగి బండి ఎక్కగానే పరీక్షను ఒక తద్దినంగా, లైసెన్సును పోలీసుకు చూపించే కాగితంగా భావిస్తున్నాము. పట్టాల మీద బండి పట్టాలు తప్పకుండా దారే కాపాడుతుంది. రోడ్డు మీద ఆ రక్షణ కూడా లేదు. అక్కడ దారి నేర్చుకోవలసిన అవసరం ఇంకా ఎక్కువ.

చట్టం ఏమి అడుగుతున్నది

1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నిబంధనలు దేశమంతటికీ ఒక్కటే. ఖరగ్‌పూరులో పొందిన లైసెన్సు కడపలో చెల్లుతుంది. బదిలీల మీద తిరిగే మనకు ఇది ముఖ్యం.

గేరు ఉన్న మోటారు సైకిలుకు పద్దెనిమిదేళ్లు నిండవలె. 50 సి.సి.కి మించని బండికి మాత్రం పదహారేళ్లు. ముందుగా ఎల్‌ఎల్‌ఆర్ కోసం రోడ్డు గుర్తులు, చోదకుని విధులు, ప్రమాదం జరిగినప్పుడు చేయవలసిన పనులు, వెంట ఉంచుకోవలసిన కాగితాలు, వీటి మీద ప్రశ్నలు అడుగుతారు. నూటికి అరవై మార్కులు రావలె. నలభై ఏళ్లు దాటినవారు ఫారం 1-ఎ మీద డాక్టరు సర్టిఫికెట్ జతచేయవలె. ఎల్‌ఎల్‌ఆర్ చేతికి వచ్చిన ముప్పై రోజుల తరువాతనే అసలు పరీక్షకు అర్హత. దాని ఆయుష్షు ఆరు నెలలు.

ఈ కాలంలో బండికి ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండవలె. నేర్పేవారు తప్ప మరెవ్వరూ వెనుక కూర్చోరాదు. నేర్పేవారికి లైసెన్సు ఉండవలె. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నది గదా అని భార్యాబిడ్డలను ఎక్కించుకుని పెళ్లికి వెళ్లే సోదరులు ఈ మాట గుర్తుంచుకొనవలె.

పరీక్షలో తప్పితే ఏడు రోజుల తరువాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగి, గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో శిక్షణ పొంది రావలె. కేంద్ర నిబంధనల ప్రకారం పరీక్ష రుసుము 300 రూపాయలు, లైసెన్సుకు 200. రాష్ట్రాలు వేసే సేవా రుసుము వేరు. యాభై నిండి యాభై అయిదు నిండనివారికి ఇచ్చే లైసెన్సు అరవై ఏళ్లు నిండేవరకు చెల్లుతుంది. మా లైసెన్సూ మా ఉద్యోగమూ దాదాపు ఒక్కసారే విరమిస్తాయన్నమాట. గడువు తీరిన లైసెన్సును ఏడాదిలోగా పునరుద్ధరించుకోకపోతే మళ్లీ పరీక్ష రాయవలసిందే.

లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ తరువాత చట్టంలోని జరిమానా 5,000 రూపాయలు. లేనివారికి బండి ఇచ్చిన యజమానికి కూడా అంతే. మైనరు పిల్లవాడు నేరం చేస్తే సంరక్షకునికో యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నవి. క్వార్టర్సు కాలనీలలో పదవ తరగతి పిల్లలు తండ్రుల బండ్ల మీద చక్కర్లు కొట్టడం మనం రోజూ చూస్తున్నాము, చూసి మురుస్తున్నాము.

జరిమానా అన్నిటికంటె చిన్నది. మన బండి తగిలి ఎదుటివారికి దెబ్బతగిలితే పరిహారం మాటేమిటి? స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, బీమా సంస్థ బాధితునికి చెల్లించి, షరతు ఉల్లంఘించిన యజమాని నుంచి ఆ మొత్తాన్ని వసూలు చేసుకునే అవకాశం ఉన్నది. అంటే లక్షల రూపాయల డిక్రీ మన ఇంటి మీదికి రావచ్చు.

గేటు దగ్గరి పాఠం

ఎల్‌ఎల్‌ఆర్ ప్రశ్నలలో ఒక అంశం ప్రత్యేకంగా మన వాళ్లది. కాపలాలేని రైల్వే గేటు దగ్గర ఏమి చేయవలె? చట్టంలోని 131వ సెక్షను దీని గురించే. బండి ఆపవలె. వెనుక మనిషి ఉంటే దిగి పట్టాల దాకా నడిచి ఇరువైపులా చూడవలె. ఎవ్వరూ లేకపోతే నడిపేవాడే దిగి చూడవలె. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని గేటులో బడి బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు రాలిపోయిన ఉదయాన్ని తెలుగువారు మరచిపోలేరు. బ్రాడ్‌గేజి మీద అట్టి గేట్లను 2019 జనవరి చివరికల్లా తొలగించారు. గేటు పోయినా ఆ పాఠం పోలేదు. వేసిన గేటు కింద నుంచి బండిని పక్కకు వంచి దూర్చేవారు ఉన్నారు. వారిలో మన యూనిఫారం తొడిగినవారు ఉండటం సిగ్గుచేటు. అడ్డుకున్న గేట్‌మాన్ కూడా మన సభ్యుడే కదా.

పట్టాలు దాటేటప్పుడు, ముఖ్యంగా వానలో, చక్రం పట్టాకు ఏటవాలుగా పోకూడదు. తడిసిన ఇనుము మీద టైరుకు పట్టు ఉండదు. అడ్డంగా, నిటారుగా, బ్రేకు వేయకుండా దాటవలె.

మేము తప్పిన పరీక్ష

మాకు బండి నేర్పినది తపాలా శాఖలో పనిచేసే ఒక చెల్లెలు. రైల్వే ఇన్‌స్టిట్యూటు మైదానంలో ఉదయం ఆరు గంటలకు పాఠం. మొదటి వారం ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. బండిని చేతులతో నడిపించమన్నది, స్టాండు వేయమన్నది, తీయమన్నది. "బరువు తెలియకుండా వేగం తెలియకూడదు అన్నయ్యగారూ" అన్నది. రెండవ వారం క్లచ్ మాత్రమే. క్లచ్ మెల్లగా వదులుతూ ఉంటే బండి కదలడం మొదలుపెట్టే చోటు ఒకటుంటుంది. ఆ చోటును వేళ్లకు నేర్పితే తక్కిన సగం దానంతట అదే వస్తుంది.

నెల గడిచింది. నలభై రోజులు కాకముందే ధైర్యం వచ్చి పరీక్షకు వెళ్లాము. మా వెనుక వరుసలో ఉన్నవారందరూ మా పిల్లల ఈడువారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని జనం పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి 'ఎనిమిది' వేయమన్నాడు. మొదటి వలయం సగం తిరిగేసరికి కాలు నేలకు ఆనింది. రెండవ వలయంలో మళ్లీ ఆనింది. తప్పాము. ఎన్నో ధర్నాలలో పోలీసు అధికారుల ఎదుట తడబడని వాళ్లం, ఆ సున్నపు గీతల మధ్య తడబడ్డాము.

ఆ అధికారి మంచివాడు. "చక్రం వైపు చూస్తున్నారండీ. మీరు వెళ్లవలసిన వైపు చూడండి" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎనిమిది రహస్యమంతా ఉన్నది.

తరువాతి పది రోజులు ఇటుకలు పేర్చుకుని సాధన చేశాము. నేర్చుకున్నది ఇది. మొదటి గేరులో ఉండవలె. క్లచ్ పూర్తిగా వదలకూడదు, పూర్తిగా పట్టకూడదు, సగంలో ఉంచి వేగాన్ని దానితో అదుపు చేయవలె. యాక్సిలరేటరు ఒకే తీరుగా పట్టవలె. వెనుక బ్రేకును కాలితో తేలికగా ఆనించి ఉంచవచ్చు. ముందు బ్రేకు జోలికి పోరాదు. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు అది పట్టిందంటే బండి ఒరిగిపోతుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టి, భుజాలు వదులు చేసి, తల తిప్పి వలయం చివర ఎక్కడ బయటపడతామో అక్కడ చూపు నిలపవలె. చూపు పోయిన చోటికే బండి పోతుంది. మా చెల్లెలు మైదానం అంచున నిలబడి "మెడ, మెడ!" అని అరుస్తూ ఉండేది.

రెండవసారి నెగ్గాము.

పరీక్ష రోజు, ఆ తరువాతి రోజులు

ఎనిమిది వేయడంతోనే పరీక్ష అయిపోయిందనుకోకండి. నిబంధనలలో పరీక్షించవలసిన అంశాల జాబితా పొడుగైనది. బయలుదేరే ముందు అద్దాలు సరిచూసుకోవడం, ఎడమ పక్కన నడపడం, మలుపులు సరిగా తిరగడం, సంకేతాలు ఇవ్వడం, అవసరమైనప్పుడు వెంటనే ఆపగలగడం, పాదచారుల దారి దగ్గర ఆగడం, అన్నీ అందులో ఉన్నవి.

కాబట్టి ముందు రోజే బండిని చూసుకోవలె. టైర్లలో గాలి, బ్రేకులు, గొలుసు బిగువు, ముందు వెనుక దీపాలు, ఇండికేటర్లు, హారను, నంబరు పలక, ఎల్ పలక. రిజిస్ట్రేషను, బీమా, కాలుష్య తనిఖీ పత్రాలు అమలులో ఉన్నవో లేవో తేదీలు చూడవలె. హెల్మెటుకు ఐ.ఎస్. 4151 ముద్ర ఉండవలె, గడ్డం కింద పట్టీ బిగించవలె. పట్టీ లేని హెల్మెటు ప్రమాదంలో తలకంటె ముందు ఎగిరిపోతుంది.

పరీక్షలో చేసేవి ఇవి. సైడు స్టాండు తీశామా, న్యూట్రల్‌లో ఉన్నదా అని చూసి స్టార్టు చేయవలె. కదిలే ముందు అద్దాలలో చూసి, కుడి భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూడవలె. అద్దంలో కనపడని మూల ఒకటి ఉంటుంది. ఇండికేటరు వేసి తిరిగిన తరువాత దానిని ఆపడం మరువరాదు. చేతి సంకేతాలు కూడా రావలె. కుడికి తిరగాలంటే కుడి చేతిని బారుగా చాపవలె. ఎడమకు తిరగాలంటే చాపిన కుడి చేతిని గడియారానికి ఎదురు దిశలో తిప్పవలె. వేగం తగ్గిస్తున్నామని చెప్పాలంటే అరచేయి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడించవలె. మోటారు సైకిలు మీద కుడి చేతిలోనే యాక్సిలరేటరూ ముందు బ్రేకూ ఉన్నవి గనుక, సంకేతం మలుపుకు ముందుగానే ఇచ్చి, చేయి తిరిగి హ్యాండిలు మీదికి వచ్చిన తరువాతనే మలుపు తీసుకొనవలె.

హఠాత్తుగా ఆపమంటే చాలామంది వెనుక బ్రేకు ఒక్కటే తొక్కుతారు. అది సైకిలు నాటి అలవాటు. బండి తిన్నగా పోతున్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి వేయవలె. ముందు బ్రేకును ఒక్క కుదుపున కాక, నొక్కుడు పెంచుతూ పోవలె. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి.కి మించిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది, చిన్నవాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు వచ్చింది. మనలో పాత బండ్లవారే ఎక్కువ, కనుక చేతికీ కాలికీ ఈ అలవాటు కావలె.

లోకో పైలట్లకు వేగం లెక్క చెప్పనక్కరలేదు, తక్కినవారికి చెబుతాము. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఎదుట ఆవు కనపడిన తరువాత చేయి బ్రేకు మీదికి పోవడానికి ఒక్క సెకను పట్టిందనుకోండి, అప్పటికే 11 మీటర్లు పోయాము. 60 మీద అయితే దాదాపు 17 మీటర్లు. ఆపైన బ్రేకు పట్టి ఆగే దూరం, వేగం రెండింతలయితే నాలుగింతలవుతుంది. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మలుపులో చేరిన ఇసుక, తొలకరి వానకు నూనె తేలిన తారు, వీటి మీద ఇంకా ఎక్కువ.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వేళ అన్నిటికంటె చెడ్డది. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి నిద్రపోతూ ఉంటాడు. ఆ వేళ అరగంట కునుకు తీసి బయలుదేరిన వానిని ఇంట్లో ఎవరూ కోప్పడరు.

అడ్డదారి గురించి

మొదటిసారి తప్పి కార్యాలయం బయటికి రాగానే ఒక మనిషి మా భుజం మీద చేయి వేశాడు. "పెద్దాయనా, ఎందుకీ అవస్థ? ఎనిమిది వేయనక్కరలేదు. సంతకం పెట్టి పొండి, లైసెన్సు ఇంటికి వస్తుంది" అన్నాడు. నిజం ఒప్పుకుంటాము, ఒక్క నిమిషం మనసు ఊగింది. యాభై రెండేళ్ల వయసులో పిల్లల ముందు మళ్లీ వరుసలో నిలబడాలంటే నామోషీ అనిపించింది.

లంచం ఇవ్వకండి, తీసుకోకండి అని ముప్పై ఏళ్లుగా గేటు మీటింగులలో చెబుతూ వచ్చినవాళ్లం. అయినా ఆ క్షణంలో మమ్మల్ని ఆపినది ఆ నీతి కాదు. బ్రోకరు ఇచ్చే కాగితం పోలీసును ఆపగలదు, ట్రాక్టరు ట్రాలీని ఆపలేదు. మాకు ఆ బుధవారం గుర్తుకు వచ్చింది. ఆ సోదరుడు డబ్బు ఇచ్చి కొనుక్కుంటానని అడగలేదు, పరీక్షకు వెళతానని అడిగాడు. ఆయన నిలబడదలచిన వరుసలో నిలబడటానికి మాకు నామోషీ ఏమిటి?

మనం చేయవలసినది

ఈ తరగతి ముగిసి మీ మీ శాఖలకు వెళ్లిన తరువాత ఈ కార్యక్రమం చేపట్టవలసిందిగా కోరుతున్నాము.

మొదటిది: ప్రతి శాఖలో ఒక రిజిస్టరు తెరవండి. బండి నడిపే ప్రతి సభ్యుని పేరు, లైసెన్సు ఏ తరగతి వాహనానికి, గడువు తేదీ, బీమా గడువు తేదీ రాయండి. గేరు లేని బండి లైసెన్సుతో గేరు బండి నడిపేవారు ఉంటారు, వారిని వేరుగా గుర్తించండి. చందా పుస్తకం తెరిచే ప్రతి నెలా ఈ పుస్తకమూ తెరవండి.

రెండవది: ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నవారి పరీక్ష తేదీకి ముందే ఇన్‌ఛార్జితో, పోస్టుమాస్టరుతో మాట్లాడి సెలవు గాని, డ్యూటీ మార్పు గాని ఇప్పించే బాధ్యత శాఖా కార్యదర్శిది. ఇది వ్యక్తిగత ఉపకారం కాదు, సంఘం పని.

మూడవది: ఇన్‌స్టిట్యూటు మైదానాలలో ఆదివారం ఉదయం రెండు గంటలు సాధనకు అనుమతి అడగండి. సున్నంతో ఎనిమిది గీయడానికి ఖర్చు లేదు. బాగా నడపగలిగిన వారు నేర్పవలె. మహిళా ఉద్యోగులను ముందు పిలవండి. ఇంటినుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలో బ్రాంచి ఆఫీసు పడిన మన చెల్లెళ్లకు ఈ విద్య ఉద్యోగంతో సమానం.

నాలుగవది యాజమాన్యాన్ని అడగవలసినది. డ్యూటీ పని మీద సొంత మోటారు సైకిలు వాడుతున్నవారికి సైకిలు నాటి లెక్క కాక నేటి లెక్క ప్రకారం ఖర్చులు ఇవ్వవలె. లాబీల దగ్గర, స్టేషన్ల దగ్గర బండ్లు నిలుపుకునే చోట దీపాలు వేయవలె. రాత్రి డ్యూటీ దిగినవారు కాసేపు ఒళ్లు వాల్చడానికి చోటు చూపవలె. ఈ కోర్కెలు అడిగేటప్పుడు మన జేబులో చెల్లే లైసెన్సు ఉంటే మన మాటకు బరువు ఉంటుంది.

ఎవరైనా పరీక్షలో తప్పితే నవ్వకండి. మేము తప్పాము, చెప్పుకుంటున్నాము. తప్పినవాడు ఏడు రోజులు సాధన చేసి మళ్లీ వెళతాడు. వెళ్లనివాడి గురించే మన దిగులు.

చివరగా ఒక్క మాట. రేపు మీ శాఖలో ఎవరైనా వచ్చి "అన్నా, బుధవారం టెస్టు ఉంది, ఒక్కరోజు సెలవు ఇప్పించు" అని అడిగితే, ఆ వారంలో మహాసభ ఉన్నా సరే, జెండాలు కట్టే మనిషి దొరకకపోయినా సరే, ఆయనను పరీక్షకు పంపించండి. జెండాలు మనం కట్టుకుందాం.